ఏటీసీ జాబ్ వచ్చింది, ఇంట్లో వద్దంటున్నారు. 2022లో బెంగళూరులో అసలు తప్పెవరిది?

నంద్యాల_నవీన్ (హెబ్బాళ)
అందరికీ నమస్కారం. మా పిన్ని కొడుకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పరీక్ష పాసయ్యాడు, ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, విమానాలకు దారి చెప్పే పని) పోస్టు. వాయిస్ టెస్టు, మెడికల్ అన్నీ అయ్యాయి, ట్రైనింగ్‌కి వెళ్లడమే తరువాయి. వాడికి బ్యాంక్ పీవో కూడా వచ్చింది.

ఇంతలో మా బాబాయికి ఎవరో వాట్సాప్‌లో పాత వార్త ఒకటి పంపారు. 2022 జనవరిలో మన బెంగళూరు మీద రెండు ఇండిగో విమానాలు గుద్దుకోబోయాయని. ఇక ఇల్లంతా టెన్షన్. "వీడి నోట్లోంచి ఒక్క అంకె తప్పొస్తే వందల మంది పోతారు, వీడు జైలుకు పోతాడు. బ్యాంకులో అయితే లెక్క తేడా వచ్చినా జేబులోంచి కట్టేస్తాడు" అని పిన్ని పట్టు పట్టింది.

నాకు ఈ రంగం గురించి ఏమీ తెలియదు. ఆ రోజు ఏం జరిగింది? ఒక్క మనిషి తప్పేనా? అలాంటి తప్పుకు కంట్రోలర్‌ని ఏం చేస్తారు? తెలిసినవాళ్లు చెప్పండి.

బళ్లారి_రాజా
బ్యాంకులో తేడా వస్తే జేబులోంచి కట్టి ఊరుకోవచ్చని మీ పిన్నికి ఎవరు చెప్పారు గురూ, మా బావని అడగమను.

విషయానికొస్తే, ఎయిర్‌పోర్టులు ప్రైవేటు వాళ్లకిచ్చాక ఇలాంటివి తప్పవు. మనుషుల్ని తగ్గిస్తారు, ఇద్దరి పని ఒకడితో చేయిస్తారు.

మీనంబాక్కం_పెద్దాయన (చెన్నై)
రాజా గారూ, కెంపేగౌడ ఎయిర్‌పోర్టును నడిపేది కంపెనీయే గానీ టవర్, రాడార్ రెండూ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలోనే ఉన్నాయి. శంషాబాద్‌లోనూ అంతే. టెర్మినల్, రన్‌వే నిర్వహణ కంపెనీది. విమానం లేవాలా, ఆగాలా అన్నది అథారిటీ కంట్రోలర్ చెప్పాలి. కాబట్టి ఈ కేసులో ప్రైవేటు మాట ఎత్తకండి.

నేను చెన్నై ఏరియా కంట్రోల్‌లో, అంటే పై ఎత్తుల్లో పోయే విమానాల్ని చూసే చోట, పనిచేసి రిటైరయ్యాను. 2022 జనవరి 7 సంగతి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రాథమిక విచారణ ఆధారంగా అప్పట్లో పత్రికల్లో వచ్చింది. అదే చెబుతున్నాను.

అక్కడ సమాంతరంగా రెండు రన్‌వేలున్నాయి, ఉత్తరం, దక్షిణం. దక్షిణానిది 2019 డిసెంబరులో మొదలైంది. ఆ ఉదయం టేకాఫ్‌లు ఉత్తరం నుంచి, ల్యాండింగ్‌లు దక్షిణం మీద నడుస్తున్నాయి. కాసేపటికి షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ రెండు పనులూ ఉత్తరం రన్‌వే మీదే చేద్దామని నిర్ణయించారు. దక్షిణం మూసేశారు. మూసిన సంగతి దక్షిణం టవర్ కంట్రోలర్‌కు చేరలేదు. అక్కడి నుంచి కోల్‌కతా విమానానికి టేకాఫ్ క్లియరెన్స్ వెళ్లింది. ఇంచుమించు అదే సమయంలో ఉత్తరం టవర్ కంట్రోలర్ భువనేశ్వర్ విమానాన్ని వదిలారు. రెండూ ఒకే దిక్కుకు లేచి దగ్గరవుతూ వచ్చాయి. అప్రోచ్ రాడార్ (ఎయిర్‌పోర్టు దగ్గరి ఆకాశాన్ని చూసేది) ముందున్న కంట్రోలర్ అది చూసి, రెంటికీ చెరో హెడింగ్, అంటే చెరో దిక్కు, ఇచ్చి విడదీశారు.

నవీన్, మీ పిన్నికి చివరి వాక్యం కూడా చదివి వినిపించండి. తప్పు జరిగింది కంట్రోలర్ల మధ్యే, పట్టుకున్నదీ కంట్రోలరే. వాట్సాప్‌లో ఆ రెండో సగం రాదు.

లక్ష్మి_కేఆర్‌పురం
ఆ రెండు విమానాల్లో కలిపి 426 మంది ఉన్నారు సార్. "పట్టుకున్నదీ కంట్రోలరే" అని సర్దిచెప్పుకుంటే ఎలా?

ఇంకో మాట మీరు దాటేశారు. ఆ ఘటనను ఏ లాగ్‌బుక్‌లోనూ రాయలేదని, డీజీసీఏకు తెలియజేయలేదని కూడా అవే వార్తల్లో వచ్చింది. జనవరి మూడో వారంలో పేపర్లో పడేదాకా ఆ విమానాల్లో కూర్చున్నవాళ్లకే తెలియదు. నాకు మండేది అక్కడ. తప్పు ఎవరైనా చేస్తారు. రాయకుండా ఉండడం మాత్రం పొరపాటున జరగదు.

మీనంబాక్కం_పెద్దాయన
దాటేయలేదమ్మా, అడిగినదానికి మాత్రమే చెప్పాను. లాగ్‌బుక్ విషయంలో మీతో నాకు పేచీ లేదు. నా దృష్టిలో కూడా ఆ రోజు జరిగినవాటిలో పెద్ద తప్పు అదే.

కడప_కోపైలట్ (దేవనహళ్లి)
నేను ఏ320లో కుడి సీటు. సెపరేషన్ అంటే ఏమిటో ముందు చెప్పుకుంటే మిగతాది తేలిక.

రాడార్ నిఘాలో పై ఎత్తుల్లో ఎగిరేటప్పుడు రెండు విమానాల మధ్య అడ్డంగా 5 నాటికల్ మైళ్లు ఉండాలి, అంటే 9 కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. ఎయిర్‌పోర్టు దగ్గర అప్రోచ్‌లో 3 మైళ్లు, ఐదున్నర కిలోమీటర్లు. అంత దూరం లేకపోతే నిలువుగా 1,000 అడుగులు ఉండాలి. రెంటిలో ఒకటి ఉంటే చాలు, రెండూ పోతేనే సెపరేషన్ పోయినట్టు. 29,000 అడుగుల పైన ఒకప్పుడు నిలువు దూరం 2,000 అడుగులుండేది. ఎత్తు కొలిచే పరికరాలు మెరుగయ్యాక మన దేశంలో 2003 నవంబరు నుంచి 1,000 చేశారు. దాంతో అదే ఆకాశంలో ఎక్కువ విమానాలు పడుతున్నాయి.

9 కిలోమీటర్లు చాలా ఎక్కువనిపిస్తుంది. ఎదురెదురుగా రెండు జెట్లు 450 నాట్ల (గంటకు 450 నాటికల్ మైళ్ల) చొప్పున వస్తే ఆ దూరం 20 సెకన్లలో అయిపోతుంది. సిల్క్ బోర్డ్ దగ్గర బండి ఆపినట్టు విమానాన్ని ఆపలేం. కంట్రోలర్ చెప్పాలి, మేం తిరిగి చదవాలి, తిప్పాలి, అది తిరగాలి. అంతా ఆ 20 సెకన్లలోనే.

అందుకే చివరి కాపలాగా విమానంలోనే టీకాస్ అనే హెచ్చరిక పరికరం ఉంటుంది. అది కిందనున్న రాడార్‌తో పని లేకుండా పక్క విమానం ట్రాన్స్‌పాండర్‌తో (గుర్తింపు, ఎత్తు పంపే పరికరంతో) నేరుగా మాట్లాడుతుంది. ముందు "ట్రాఫిక్, ట్రాఫిక్" అంటుంది. ఇంకా దగ్గరైతే ఒకదానికి ఎక్కమని, ఇంకోదానికి దిగమని ఆదేశం ఇస్తుంది, దాన్ని ఆర్ఏ అంటాం. 2018 జులై 10న ఇదే బెంగళూరు గగనతలంలో కోయంబత్తూరు–హైదరాబాద్, బెంగళూరు–కొచ్చి ఇండిగో విమానాలు నిలువుగా 200 అడుగుల తేడాకు వచ్చాయి. రెంటిలో కలిపి 328 మంది ప్రయాణికులు. ఆర్ఏ వచ్చింది, విడిపోయాయి.

2022 ఘటన నన్ను ఎక్కువ భయపెట్టేది ఎందుకంటే, అది టేకాఫ్ అయిన వెంటనే జరిగింది. నేలకు దాదాపు 1,000 అడుగుల లోపు టీకాస్ ఆర్ఏలు ఇవ్వదు. అంత కింద ఎక్కమనీ దిగమనీ చెబితే అదే ప్రమాదం కావచ్చని అలా చేశారు. అంటే రన్‌వే చుట్టుపక్కల కాపాడాల్సింది మనిషే.

ఫ్లైట్_పిచ్చోడు (బీటీఎం)
అన్నా, నిన్న సాయంత్రం యాప్‌లో హోసూరు మీద రెండు విమానాలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కనిపించాయి. స్క్రీన్‌షాట్ ఉంది. ఇది కూడా ఎవరూ రిపోర్ట్ చేయలేదా?

కడప_కోపైలట్
ఎత్తులు చూశావా తమ్ముడూ?

ఫ్లైట్_పిచ్చోడు
ఒకటి 34,000, ఒకటి 37,000.

కడప_కోపైలట్
మరి ఇంకేంటి! మధ్యలో మూడు వేల అడుగులుంది. యాప్‌లో బొమ్మ సైజు విమానం సైజు కాదు. ఇంకోటి, తూర్పు వైపు వెళ్లేవాళ్లకు బేసి వేలు, పడమర వైపు వెళ్లేవాళ్లకు సరి వేలు, మామూలుగా పంచేది అలా. నీ స్క్రీన్‌షాట్‌లో కూడా అదే ఉంది చూడు.

బళ్లారి_రాజా
సరే, ప్రైవేటు మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ పైన మెషీన్ కాపాడుతుంటే కింద మనుషులెందుకు? రన్‌వే దగ్గరికి కూడా ఒక మెషీన్ పెట్టేస్తే నవీన్ వాళ్ల తమ్ముడికి ఈ గొడవే ఉండదు కదా. (జాబ్ కూడా ఉండదనుకోండి.)

మీనంబాక్కం_పెద్దాయన
మెషీన్ ఒకటి, మనిషి ఒకటి చెబితే ఏం జరుగుతుందో రెండు కేసులున్నాయి రాజా గారూ. కొంచెం పొడుగు, ఓపిక చేసుకోండి.

మొదటిది జపాన్, 2001 జనవరి 31. ఒకే కంపెనీ విమానాలు రెండు, 907, 958. స్కోప్ (రాడార్ తెర) ముందు ట్రైనీ, పక్కన నేర్పే సూపర్‌వైజర్. ట్రైనీ 958ని దిగమనాలని అనుకుని 907ని దిగమన్నారు. నవీన్, మీ పిన్ని అన్న "ఒక్క అంకె తప్పు" అక్షరాలా ఇదే. అదే సమయంలో 907లో టీకాస్ ఎక్కమంటోంది. ఆ పైలట్ కంట్రోలర్ మాటే విన్నాడు. 958కి టీకాస్ దిగమంది, అదీ దిగింది. రెండూ కిందికే! చివర్లో కళ్లతో చూసి 907ని ఒక్కసారిగా కిందికి నొక్కడంతో దాటిపోయాయి. లోపల జనం, ట్రాలీలు సీలింగ్‌కు ఎగిరిపడి వంద మంది దాకా దెబ్బతిన్నారు. రెంటిలో కలిపి 677 మంది. ఎవరూ పోలేదు.

టీకాస్ ఒకటి, కంట్రోలర్ ఒకటి చెబితే ఎవరి మాట వినాలో ప్రపంచమంతా ఒకే నియమం గట్టిగా పెట్టాలని అప్పుడే అర్థమైంది. పెట్టలేదు. 2002 జులై 1 రాత్రి జర్మనీ–స్విట్జర్లాండ్ సరిహద్దులో ఉబర్లింగెన్ మీద అచ్చం ఇదే మళ్లీ జరిగింది. రష్యా టుపోలెవ్‌కి టీకాస్ ఎక్కమంది, కంట్రోలర్ దిగమన్నాడు. డీహెచ్ఎల్ కార్గో బోయింగ్‌కి టీకాస్ దిగమంది. రెండూ దిగాయి, ఢీకొన్నాయి. 71 మంది పోయారు. చాలామంది సెలవులకు వెళుతున్న బడిపిల్లలు.

ఇప్పుడు ఆ కంట్రోలర్ గదిలోకి వెళ్లండి. జ్యూరిక్. రాత్రి షిఫ్టుకు ఇద్దరు, ఒకరు విశ్రాంతికి వెళ్లారు. నియమం ఒప్పుకోదు, కానీ అలా వెళ్లడం అక్కడ ఏళ్లుగా మామూలు, మేనేజ్‌మెంట్‌కూ తెలుసు. రాడార్ మెయింటెనెన్స్‌లో ఉంది, విమానాలు దగ్గరైతే స్క్రీన్ మీద హెచ్చరించే ఏర్పాటు ఆపేశారు. మెయిన్ ఫోన్ లైన్లు కూడా ఆపేశారు. ఆలస్యంగా వచ్చిన ఇంకో విమానాన్ని దింపడానికి అతను పక్క స్క్రీన్ దగ్గరికి వెళ్లి, పనిచేయని ఫోన్‌తో కుస్తీ పడుతున్నాడు. జర్మనీ కార్ల్స్‌రూహెలో ఇంకో కంట్రోలర్ తన స్కోప్ మీద ఈ రెండూ దగ్గరవడం చూశాడు. ఫోన్ చేస్తే కలవలేదు.

ఒక్క మనిషి తప్పని అనొచ్చా? దిగమన్నది అతనే, నిజం. కానీ అతన్ని అక్కడ ఒంటరిగా, చెవీ కన్నూ మూసి కూర్చోబెట్టింది వేరేవాళ్లు. ఆ ప్రమాదంలో భార్యాబిడ్డల్ని పోగొట్టుకున్న మనిషి 2004లో ఆ కంట్రోలర్‌ని ఇంటికొచ్చి పొడిచి చంపాడు. 2007లో స్విస్ కోర్టు శిక్ష వేసింది మాత్రం ఆ సంస్థలో పై ఉద్యోగులకు, నలుగురికి.

ఇప్పుడు నియమం ఒకటే: ఆర్ఏ వస్తే టీకాస్ మాటే వినాలి. పైలట్ "టీకాస్ ఆర్ఏ" అన్నాక, తప్పుకున్నామని చెప్పేదాకా కంట్రోలర్ ఆ విమానం ఎత్తు జోలికి పోకూడదు.

కడప_కోపైలట్
సిమ్యులేటర్‌లో మాకు దీన్ని పదే పదే చేయిస్తారు. ఆర్ఏ రాగానే ఆటోపైలట్ తీసేసి చేత్తో ఎగరేయాలి, తెర మీద చూపే పచ్చ గీతలో ఉంచాలి. కంట్రోలర్ అప్పుడేమన్నా చెవిన పెట్టకూడదు. వినడానికి తేలికే గానీ, ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఆ గొంతు చెప్పింది చేయడం అలవాటైన చేతికి అది అంత తేలిక కాదు.

వకీల్_వేంకట్ (చెన్నై, టి.నగర్)
నవీన్ గారి అసలు ప్రశ్న జైలు గురించి కదా. ఇందులో రెండు వేర్వేరు దారులున్నాయి.

ఒకటి భద్రతా విచారణ. విమాన ప్రమాదాలను విచారించే ఏఏఐబీ చేసేది ఇదే, 2017 నాటి నియమాల కింద. దీని ఉద్దేశం మళ్లీ జరగకుండా చూడడం మాత్రమే, నిందను పంచడం కాదని ఆ నియమాల్లోనే ఉంది. అంతర్జాతీయంగా కూడా ఇదే సూత్రం.

రెండోది క్రిమినల్ కేసు. అది ఈ సూత్రానికి కట్టుబడి ఉండదు. నిర్లక్ష్యంతో మరణం కలిగితే భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్, ప్రాణాపాయం కలిగిస్తే 125. కంట్రోలర్లకు ప్రత్యేకంగా మినహాయింపు లేదు. అయితే చిన్న పొరపాటుకూ నేరపూరిత నిర్లక్ష్యానికీ మధ్య మన కోర్టులు చాలా దూరం చూస్తాయి. డాక్టర్ల కేసుల్లో ఇది బాగా కనిపిస్తుంది.

బయటి దేశాల్లో శిక్షలు పడ్డాయి. పెద్దాయన చెప్పిన జపాన్ కేసులో ఎవరూ చనిపోకపోయినా ట్రైనీకి, సూపర్‌వైజర్‌కి శిక్ష పడింది. కింది కోర్టు నిర్దోషులంది, హైకోర్టు తిప్పింది, 2010లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. జైలుకు పంపలేదు, సస్పెండెడ్ శిక్ష. 1976లో జాగ్రెబ్ దగ్గర రెండు విమానాలు ఢీకొని 176 మంది పోయినప్పుడు కంట్రోలర్లలో ఒక్కడికి ఏడేళ్లు వేశారు. అక్కడ పని ఎంత అస్తవ్యస్తంగా నడిచేదో బయటపడ్డాక, ప్రపంచవ్యాప్తంగా కంట్రోలర్లు అడిగాక 1978లో వదిలారు.

నంద్యాల_నవీన్
వకీల్ గారూ, "మినహాయింపు లేదు" అన్న లైన్ పిన్నికి చూపించను, ఏమీ అనుకోవద్దు.

స్ట్రిప్_సిరి
నేను ప్రస్తుతం కంట్రోలర్‌ని. ఏ స్టేషన్ అని అడగొద్దు, 2022 విచారణ గురించి నేనేమీ మాట్లాడను. పని ఎలా ఉంటుందో మాత్రం చెబుతాను.

బయటివాళ్లు అనుకునేది రద్దీలో తప్పులు జరుగుతాయని. నా అనుభవంలో రద్దీలో అందరం నిటారుగా కూర్చుంటాం. ఉదయం పీక్ దిగి, కుర్చీ వెనక్కి వాలి, "టీ చెప్పనా?" అనుకునే పది నిమిషాలే ప్రమాదం. ఆ టైములోనే సెక్టార్లు (ఒక్కొక్కరికి పంచిన ఆకాశం ముక్కలు) కలుపుతారు, పొజిషన్లు మూస్తారు, రన్‌వే మారుస్తారు, మనుషులు మారతారు. అంటే నడుస్తున్న ఏర్పాటు మారుతుంది. పాత ఏర్పాటు ఒకరి తలలో, కొత్తది ఇంకొకరి తలలో ఉండే ఆ కొద్ది సేపే అసలు గొడవ.

అందుకే హ్యాండోవర్‌కి చెక్‌లిస్ట్ ఉంటుంది. ఏ రన్‌వే వాడుతున్నాం, ఎవరు ఏ ఎత్తుకు ఎక్కుతున్నారు, వాతావరణం కోసం ఎవరిని పక్కకు పంపాం, మిలిటరీకి ఏ ప్రాంతం ఇచ్చాం. బెంగళూరులో హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్టు, యెలహంక వైమానిక స్థావరం రెండూ పక్కనే కాబట్టి ఈ చివరిది చిన్న విషయం కాదు. కొత్తగా వచ్చినవాళ్లు కూర్చున్నాక కూడా వెళ్లేవాళ్లు కొన్ని నిమిషాలు వెనకే నిలబడాలి.

రన్‌వే మూసినప్పుడు నోటితో చెప్పడం ఒక్కటే చాలదు. స్ట్రిప్‌ల (ఒక్కో విమానం వివరాలుండే చీటీల) బోర్డు మీద "మూసివుంది" అని కంటికి అడ్డంగా ఏదో ఒకటి ఉండాలి, అవతలివాళ్లు విన్నామని తిరిగి చెప్పాలి. మనిషి జ్ఞాపకాన్ని నమ్మకూడదని ఈ వృత్తి నేర్చుకుంది 1991 ఫిబ్రవరి 1న లాస్ ఏంజెలిస్‌లో. ఒక చిన్న విమానాన్ని రన్‌వే మీద నిలబెట్టిన కంట్రోలర్ ఆ సంగతి మరిచి, ఇంకో విమానానికి అదే రన్‌వే మీద ల్యాండింగ్ ఇచ్చారు. 35 మంది పోయారు. ఒకరు మరిచిపోతే ఇంకొకరు పట్టుకునే ఏర్పాటు ఆ టవర్‌లో లేకపోవడమే కారణమని విచారణ తేల్చింది.

కాల్‌సైన్ల (రేడియోలో విమానాన్ని పిలిచే పేర్ల) గొడవ ఇంకోటి. పొద్దున్నే ఒకే ఎయిర్‌లైన్‌వి, చివరి అంకెలు ఒకేలా ఉన్నవి ఫ్రీక్వెన్సీలో ఉంటాయి. ఒకరికి చెప్పింది ఇంకొకరు తీసుకుని రీడ్‌బ్యాక్ చేస్తారు. అది మన చెవి పట్టుకోవాలి. ఈ మధ్య అంకెలకు అక్షరాలు కలిపి కాల్‌సైన్లు ఇస్తున్నారు, కొంత నయం.

లక్ష్మి_కేఆర్‌పురం
సిరి గారూ, చాలా బాగా చెప్పారు. కానీ అంతా విన్నాక నాకు వినిపించేది "ఏర్పాటు తప్పు, ఏర్పాటు తప్పు" అని. ఏర్పాటును ఎవరో ఒక మనిషే కదా నడుపుతున్నాడు? మా నాన్నగారు బస్సు డ్రైవర్. ఆయన చేతిలో యాక్సిడెంట్ అయితే డిపోలో టైర్లు అరిగిపోయాయని ఎవరూ అడిగేవారు కాదు, డ్రైవర్‌ని సస్పెండ్ చేసేవారు. విమానాలవాళ్లకే ఈ పెద్ద మాటలెందుకు?

స్ట్రిప్_సిరి
టైర్ల గురించి అడగకపోవడం మీ నాన్నగారికి జరిగిన అన్యాయం లక్ష్మి గారూ. అది మాకూ జరగాలనడం పరిష్కారం ఎలా అవుతుంది?

2024 జూన్ 8న ముంబైలో ఎయిర్ ఇండియా విమానం టేకాఫ్‌కి పరిగెడుతుండగా వెనకే అదే రన్‌వే మీద ఇండిగో దిగింది. వీడియో మీరూ చూసే ఉంటారు. కంట్రోలర్‌ని వెంటనే రోస్టర్ నుంచి తప్పించారు. దాన్ని నేను తప్పుపట్టను. అలాంటిది జరిగాక అదే రోజు ఎవరూ మళ్లీ మైక్ ముందు కూర్చునే స్థితిలో ఉండరు. టేపులు వింటారు, మళ్లీ ట్రైనింగ్, మళ్లీ చెక్. ఇంతవరకూ సరైనదే.

కానీ పక్కన కూర్చున్న ఇరవై మంది జూనియర్లు దీన్నుంచి ఏం నేర్చుకుంటారో చూడండి. ఎవరూ చూడని చిన్నది జరిగితే, 3 మైళ్లు ఉండాల్సిన చోట 2.8 అయితే, రాయాలా వద్దా? రాస్తే తప్పిస్తారు, రేటింగ్ (ఆ సీట్లో పనిచేసే అర్హత) ఆగుతుంది, అలవెన్స్ పోతుంది. రాయకపోతే ఎవరికీ తెలియదు. మీరు అడిగిన లాగ్‌బుక్ ఖాళీ పుట్టేది అక్కడ. ఆ 2.8లు పది కాగితం మీదికి వస్తే ఫలానా సెక్టార్‌లో, ఫలానా టైములో రూట్ డిజైన్‌లోనే లోపముందని కనిపిస్తుంది.

లక్ష్మి_కేఆర్‌పురం
చిన్నదానికి ఒప్పుకుంటాను. రాసినవాళ్లను వదిలేయండి, మెచ్చుకోండి కూడా. పెద్దది జరిగి, తెలిసి, రాయకపోతే? అప్పుడు కూడా వదలాలా?

స్ట్రిప్_సిరి
వద్దు. అక్కడ మీరే కరెక్ట్. తెలిసి దాచడాన్ని, తాగి డ్యూటీకి రావడాన్ని ఎవరూ కాయరు, కాయకూడదు. పెద్ద ఘటనలు రిపోర్ట్ చేయడం తప్పనిసరి, అది ఇష్టానికి వదిలిన విషయం కాదు.

వకీల్_వేంకట్
ఇక్కడ చిన్న చిక్కు. "తెలిసి దాచారా, చిన్నదనుకుని వదిలేశారా" అన్నది తేల్చేది ఎవరు? ఆ సంస్థే అయితే లక్ష్మి గారి అనుమానం అలాగే ఉంటుంది. సర్వీసు ఇచ్చేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, నియంత్రించేది డీజీసీఏ, విచారించేది ఏఏఐబీ. మూడూ ఒకే మంత్రిత్వ శాఖ కింద ఉన్నాయి.

మోడరేటర్
మంత్రిత్వ శాఖ మీద వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. పార్టీల గొడవ ఇక్కడ వద్దు.

నంద్యాల_నవీన్
అప్‌డేట్. పిన్ని, తమ్ముడు ఇద్దరితో కాన్ఫరెన్స్ కాల్‌లో ఈ థ్రెడ్ చదివి వినిపించాను (106వ సెక్షన్ తప్ప). వాడు ట్రైనింగ్‌కే వెళ్తున్నాడు, ప్రయాగ్‌రాజ్ లేదా హైదరాబాద్ రావచ్చట. పిన్నికి ఇప్పుడు జైలు భయం పోయి కొత్త ప్రశ్న పట్టుకుంది: "మొదటి రోజే వాడి చేతికి విమానాలు ఇచ్చేస్తారా?"

మీనంబాక్కం_పెద్దాయన
ఇవ్వరమ్మా. ట్రైనింగ్ సెంటర్‌లో సిమ్యులేటర్ అయ్యాక పోస్టింగ్. అక్కడ లైసెన్సు ఉన్నవాళ్లు పక్కన కూర్చుని, వాళ్ల బాధ్యత మీద వీడితో మాట్లాడిస్తారు. తర్వాత పరీక్ష, రేటింగ్. టవర్‌కు వేరు, అప్రోచ్‌కు వేరు, ఏరియాకు వేరు. ఒక ఊళ్లో రేటింగ్ ఉందని ఇంకో ఊళ్లో కూర్చోనివ్వరు, బదిలీ అయితే మళ్లీ మొదటి నుంచి. చెన్నై పోస్టింగ్ వస్తే అదృష్టమే. దక్షిణాది పై ఆకాశం, బంగాళాఖాతం రెండూ ఒకే గదిలోంచి చూడొచ్చు. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను మేఘాలు లేచి ప్రతి పైలట్ "పది మైళ్లు ఎడమకు" అని అడుగుతున్నప్పుడు చూడాలి! ఆ నెల నేర్పినంత ఏ సిమ్యులేటరూ నేర్పదు.

ఇంకొక్క మాట. 1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీ మీద సౌదీ, కజకిస్తాన్ విమానాలు ఢీకొని 349 మంది పోయారు. ఆ వార్త వినగానే మా అందరికీ వచ్చిన మొదటి ఆలోచన, కంట్రోలర్ ఏం తప్పు చేశాడోనని. విచారణలో తేలింది వేరు. కజక్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఆగమన్నారు, అది ఆగకుండా దిగింది. 14,000 దగ్గర సౌదీ విమానం వస్తోందని కూడా కంట్రోలర్ ముందే చెప్పాడు. జస్టిస్ లాహోటీ కమిషన్ ఆయన తప్పు లేదంది. ఆయన్ని కాపాడింది టేపు, అందులోని ప్రతి మాటా పద్ధతి ప్రకారం ఉండడం. అప్పటికి ఢిల్లీలో ఎత్తు చూపించే సెకండరీ రాడార్ వాడుకలో లేదు, పైలట్ చెప్పిన ఎత్తే ఆధారం. ఆ తర్వాతే మన గగనతలంలో టీకాస్ తప్పనిసరి చేశారు, ఢిల్లీలో వచ్చే దారి, పోయే దారి వేరు చేశారు.

ఫ్లైట్_పిచ్చోడు
నాదొక డౌట్ మిగిలింది. ఇప్పుడు బెంగళూరులో రెండు రన్‌వేలు ఉన్నప్పుడు రెంటి నుంచీ ఒకేసారి లేవడమే తప్పా? చాలా దేశాల్లో లేస్తున్నాయి కదా.

స్ట్రిప్_సిరి
తప్పు కాదు. రన్‌వేల మధ్య తగినంత దూరం ఉండాలి, రాడార్ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, లేచిన వెంటనే రెండు దారులూ విడిపోవాలి. అంతర్జాతీయ నియమాల్లో దీనికి చాలాకాలం 15 డిగ్రీలని ఉంది. ఆ దారులు ముందే గీసి, పైలట్ కంప్యూటర్‌లో ఉండి, రెండు టవర్లకూ ఈ పద్ధతి నడుస్తోందని తెలిసి ఉంటే నిశ్చింతగా లేవొచ్చు.

లక్ష్మి_కేఆర్‌పురం
2022లో ఆ ఉదయం ఆ ఏర్పాటు నడుస్తోందా?

మీనంబాక్కం_పెద్దాయన
లేదమ్మా. పత్రికల్లో వచ్చినదాని ప్రకారం అంతకుముందు దక్షిణం ల్యాండింగ్‌లకే, తర్వాత దేనికీ లేదు. ఆ విమానం అక్కడి నుంచి లేవడం ఏ ప్లాన్‌లోనూ లేదు.